తండ్రి వృత్తి: కూలి

నేను చదివిన ప్రాథమిక బడి రిజిస్టరులో ‘తండ్రి వృత్తి’ అని ఒక గడి ఉంది. నా పేరు ఎదురుగా ఆ గడిలో ‘కూలి’ అని రాసుంది. 2012 డీఎస్సీలో ఉద్యోగం వచ్చాక ఏదో సర్టిఫికెట్ కోసం వెళ్ళినప్పుడు చూశాను. ఆ పేజీలో మా పేట పిల్లలందరి ఎదురుగా అదే మాట. ఎవర్నీ అడిగి రాసినట్టు లేదు. పేట పేరు చెబితే చాలు, ఆ గడి దానంతటదే నిండిపోద్ది.

మా నాన్న కూలి కాదు. గచ్చు పనోడు. పెదపాడు చుట్టుపక్కల, ఇటు వట్లూరు నుంచి అటు కొల్లేరు అంచు ఊళ్ళదాకా, 1980ల్లోనూ 90ల్లోనూ లేచిన ఎన్నో ఇళ్ళల్లో ఎర్రగచ్చులు ఆయన చేతివే. వరి పొలాలు చేపల చెరువులవుతున్న రోజులవి. చేపల డబ్బుతో పెంకుటిళ్ళు పోయి మేడలొచ్చాయి. మేడ అన్నాక ఎర్రగచ్చు ఉండాలి, చుట్టూ నల్లంచు ఉండాలి, ముఖం కనపడాలి. అది మోజు. ఆ మోజు తీర్చింది మా నాన్న, మా అమ్మ. మా ఇంట్లో మాత్రం మట్టినేల. వారానికోసారి అమ్మ పేడతో అలికేది.

గచ్చు అంటే రంగు పూయడం అనుకుంటారు. నేనూ చిన్నప్పుడు అలాగే అనుకునేదాన్ని. నాన్న నవ్వేవాడు. “పూసిన రంగు తొక్కితే పోద్దే. ఇది కలిపిన రంగు. అరిగేదాకా ఉంటాది” అనేవాడు.

ముందు నేల సంగతి చూడాలి. మాది నల్లరేగడి. వానలకి ఉబ్బుద్ది, ఎండలకి నెర్రెలిస్తది. దాని మీద తిన్నగా గచ్చు వేస్తే రెండేళ్ళకి పగిలిపోద్ది. అందుకని మట్టి తీసి, ఇసుక పోసి, నీళ్ళు పట్టించి, దిమ్మిసతో కొట్టి, అప్పుడు కంకర సిమెంటు వెయ్యాలి. అది పూర్తిగా ఆరకముందే పైన ఎర్రది పడాలి. ఎర్రపొడీ సిమెంటూ పొడిగానే కలిపి జల్లించాలి, మళ్ళీ కలిపి మళ్ళీ జల్లించాలి. గదికి ఎంత కావాలో అంతా ఒక్కసారే కలపాలి. సగంలో అయిపోయి మళ్ళీ కలిపితే రంగు తేడా వస్తది, ఆ తేడా గది ఉన్నన్నాళ్ళూ కనపడుద్ది. రంగు తక్కువైతే పాలిపోద్ది. ఎక్కువైతే గచ్చుకి బలం ఉండదు, నడిస్తే అరికాళ్ళకి ఎర్రగా అంటుకుంటాది.

తర్వాత తాపీతో నునుపు చెయ్యడం. ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే గడియారం లేదు. నాన్న బొటనవేలితో నొక్కి చూసేవాడు. వేలికి తడి అంటకూడదు, గచ్చు మీద ముద్ర మాత్రం సన్నగా పడాలి. అదీ వేళ. ముందు రుద్దితే నీళ్ళు పైకి తేలి, ఆరాక సన్న పగుళ్ళొస్తాయి. ఆలస్యమైతే ఎంత రుద్దినా మెరుపు రాదు. వేసవిలో ఆ వేళ గంటలో వచ్చి వెళ్ళిపోద్ది. చలికాలంలో అర్ధరాత్రి వస్తది. లాంతరు పెట్టుకుని తెల్లార్లూ గచ్చు మీద గొంతుక్కూర్చున్న మనిషిని కూలి అంటారా? నేను బీఎస్సీలో కెమిస్ట్రీ చదివాను. సిమెంటు గట్టిపడడం గురించి పుస్తకంలో ఉంది. ఆ బొటనవేలి సంగతి మాత్రం పుస్తకంలో లేదు.

మర్నాటి నుంచి వారం, పది రోజులు తడి ఆరకూడదు. అది అమ్మ పని. చుట్టూ మట్టిగట్టు కట్టి నీళ్ళు నిలబెట్టేది. మా వైపు గడ్డికి కొదవలేదు, తడిగడ్డి కప్పితే సులువే కదా అంటే నాన్న ఒప్పుకునేవాడు కాదు. గడ్డి కప్పితే గచ్చు మీద పసుపు మరక దిగుద్ది. అది ఇక పోదు. ఆరాక కొబ్బరినూనె రాసి, కొబ్బరి డొక్కతో రోజుల తరబడి రుద్దేది అమ్మ. ఆ మెరుపు అమ్మ మోచేతుల్లోంచి వచ్చింది. నాన్నకి రోజుకి 60 రూపాయలిస్తే అమ్మకి 25. “ఆడది, కూర్చుని రుద్దడమేగా” అనేవాళ్ళు.

నీళ్ళ సంగతి చెప్పాలి. కొల్లేరు దగ్గరయ్యేకొద్దీ భూమిలో నీళ్ళు ఉప్పన. ఉప్పునీళ్ళతో గచ్చు వేస్తే ఆరాక తెల్లగా ఉప్పు పూస్తది. ఎర్రగచ్చు మీద ఆ తెలుపు బొల్లి మచ్చల్లా ఉంటాది. కాబట్టి మంచినీళ్ళ చెరువు నీళ్ళే కావాలి. అమ్మ పెళ్ళై వచ్చిన కొత్తలో మా వాళ్ళు ఆ చెరువులో బిందె ముంచడానికి లేదు. రేవు పక్కన నిలబడితే ఎవరో ఒకరు దయతలిచి పోసేవారు. కానీ గచ్చు పనికి మాత్రం అమ్మ అదే చెరువులోంచి ఎన్ని బిందెలు మోసినా అడ్డం లేదు. ఆసామి పని కదా. సాయంత్రం పని దిగాక మా ఇంటికి ఒక్క బిందె కావాలంటే మళ్ళీ రేవు పక్కనే నిలబడాలి. అదే చెరువు, అదే బిందె, అదే చెయ్యి. మధ్యాహ్నం లేని మైల సాయంత్రానికి ఎక్కడి నుంచి వచ్చేదో!

అమ్మ అలా నిలబడ్డ రోజుల్లోనే, 1985 జూలైలో, ప్రకాశం జిల్లా కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, ఆరుగురు మాదిగల్ని చంపేశారు. ఆ వార్త మా పేటకి రేడియోలో రాలేదు, మనుషుల నోళ్ళ మీద వచ్చింది. మాది మాలపేట. అయినా ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదని అమ్మ చెప్పింది. ఆ తర్వాత కుర్రాళ్ళు మీటింగులకి వెళ్ళడం మొదలుపెట్టాక చెరువు దగ్గర నోళ్ళు కాస్త తగ్గాయి. ఎవరికో మనసు కరిగి తగ్గలేదు, ఎదురు నిలబడితే తగ్గాయి.

ఇక నా సంగతి.

1995. నాకు ఎనిమిదేళ్ళు. దగ్గర్లోని ఒక ఊళ్ళో ఒక ఆసామి మేడ కట్టించాడు. పెద్ద హాలు. నాన్న చేసిన వాటిల్లోకెల్లా పెద్దది అదే. వేసవి సెలవులని నన్నూ తీసుకెళ్ళేవారు. గచ్చు చేసేవాడు లోపలి మూల నుంచి మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ గుమ్మందాకా వస్తాడు. చేసినదాన్ని తొక్కకూడదు గదా. నాన్న అలా వెనక్కి వెనక్కి జరిగి, చివరికి గుమ్మం దాటి వసారాలో పడేవాడు. నాకది ఆటలా ఉండేది. నేనూ నాన్న వెనకాల వెనక్కి నడిచేదాన్ని.

అందులో ఇంకో సంగతుందని అప్పుడు తెలీదు. గచ్చు పనోడు ఒకసారి వెనక్కి జరిగి బయటికి వచ్చాడంటే ఇక లోపలికి వెళ్ళేది లేదు. అమ్మ నూనె రుద్దుడు అయ్యేదాకానే మాకు ఆ ఇల్లు పనిచోటు. ఆ తర్వాత అది వాళ్ళ ఇల్లు.

గృహప్రవేశానికి పిలిచారు. పిలిచారంటే, సావిడి దగ్గర విస్తరి వేస్తామన్నారు. నాన్న ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చెవి వెనక ఎర్రరంగు ఎంత తోమినా పోలేదు. ముందు ఆవునీ దూడనీ లోపలికి నడిపించారు. ఆవు హాల్లో నాన్న చేసిన గచ్చు మీద పేడ వేసింది. అందరూ శుభం అన్నారు. మేం వాకిట్లోంచి చూస్తున్నాం. నాకు ఆ గచ్చులో నా ముఖం చూసుకోవాలనిపించింది. అమ్మ రుద్దుతుంటే పక్కన కూర్చుని రోజూ చూసుకున్నదాన్నే. పరిగెత్తాను. గడప దాటాను. రెండడుగులు వేశాను.

“ఒరే, నీ పిల్లనెక్కడికి తోలావురా!” అని ఎవరో అరిచారు. నాన్న గడప అవతలే ఆగి, చెయ్యి చాచి నన్ను లాగి, చెంప మీద కొట్టాడు. అంతకుముందెప్పుడూ నన్ను కొట్టలేదు. “తప్పైపోయిందండి బాబూ, చిన్నపిల్లండి, తెలీదండి” అంటున్నాడు. లోపల పసుపునీళ్ళు చల్లారు. నేను తొక్కిన చోట. ఆవు పేడ అలాగే ఉంది.

ఆ రోజు నాన్న అన్నం తినలేదు. ఇంటికొచ్చాక నా చెంప పట్టుకుని చూశాడు. ఆయన వేళ్ళు రంపపు పళ్ళలా గరుకుగా ఉండేవి. తడి సిమెంటు తినేసిన వేళ్ళవి. ఇప్పుడు పదో తరగతికి క్షారాల పాఠం చెబుతూ తడి సిమెంటు పీహెచ్ 12 దాటి ఉంటుందని బోర్డు మీద రాస్తాను. అందులోని క్రోమియం కొందరి చర్మానికి పడదనీ, పుళ్ళు పడతాయనీ చెబుతాను. చెబుతుంటే ఆ వేళ్ళు నా చెంప మీద తగులుతాయి. నాన్నకి చేతి తొడుగులు ఎవరూ ఇవ్వలేదు. రాత్రిళ్ళు కొబ్బరినూనె రాసుకునేవాడు. గచ్చుకి రాసిన నూనే, మిగిలింది.

2000 దాటాక టైల్స్ వచ్చిపడ్డాయి. గుజరాత్ మోర్బీ నుంచి లారీలు దిగేవి. రెండు రోజుల్లో గది అయిపోద్ది, నీళ్ళు నిలబెట్టక్కర్లేదు, వేళ చూడక్కర్లేదు. నాన్న చేసిన గచ్చుల మీదే టైల్స్ పరిచారు. పని అడుగంటింది. నాన్న చేపల చెరువుల మీద మేత చల్లడానికి పోయాడు. అప్పుడు నిజంగానే కూలి అయ్యాడు. నేను ఏలూరులో సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి ఇంటరు, డిగ్రీ, ఆ తర్వాత బీఈడీ చదివాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే.

2018లో లోను పెట్టి పేటలోనే ఇల్లు కట్టుకున్నాం. అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవాలి. నాన్న వచ్చి, “అమ్మాయ్, ఒక్క గది ఎర్రగచ్చు చేత్తానే” అన్నాడు. నేను, “ఇంకా ఆ పాత గచ్చులేంటి నాన్నా, టీచరిల్లు అంటే నవ్వుతారు” అన్నాను. నాన్న ఏమీ అనలేదు. తెల్ల టైల్స్ వేయించాను. గృహప్రవేశం నాడు నాన్న చెప్పులు బయట విడిచి, గడప దగ్గర ఆగి, “రావచ్చా?” అన్నాడు. వేళాకోళానికే అన్నాడనుకుని నవ్వాను. ఆసామి పసుపునీళ్ళు చల్లితే నేను నీళ్ళు లేకుండానే ఆ పని చేశానని నాకు తట్టలేదు.

నాలుగేళ్ళ తర్వాత తట్టింది, అదీ స్టాఫ్ రూములో. ఒక మాష్టారు తన చిన్నతనం చెబుతున్నారు. “మా తాతగారింట్లో ఎర్రగచ్చు ఉండేదండీ. వేసవిలో చొక్కా విప్పి పడుకుంటే ఎంత చల్లగా ఉండేదో! ఆ పనితనం ఇప్పుడేదండీ?” అన్నారు. అందరూ ఎవరి తాతగారిల్లు వాళ్ళు తలుచుకున్నారు. అందరికీ చల్లదనమే గుర్తుంది. నాకు చెంప మంట గుర్తుంది. మామూలుగా అలాంటప్పుడు నేను దిద్దుతున్న కాగితాల్లోకి తల దించుకుంటాను. ఆ రోజు దించలేదు. “ఆ పనితనం మా ఇంట్లో ఉందండీ. ఈ చుట్టుపక్కల గచ్చులు చాలా మా నాన్న చేసినవే” అన్నాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆ మాష్టారు, “ఓహో, మీ ఫాదరు మేస్త్రీనా?” అన్నారు. ఆ ఒక్క ప్రశ్నతో నా కులం ఆయనకి మళ్ళీ గుర్తొచ్చింది. నాకు మాత్రం ఎన్నో ఏళ్ళకి మా నాన్న గుర్తొచ్చాడు.

పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతున్న నా పాత విద్యార్థి ఒకడు ఈ మాట విని ఫోనులో బొమ్మలు చూపించాడు. అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే పేరుమోసిన ఆర్కిటెక్టు 1930ల్లో కట్టిన చిన్న ఇళ్ళకి ఎర్రరంగు కాంక్రీటు గచ్చులే చేయించాడట. తమిళనాడు చెట్టినాడులో చేత్తో చేసే రంగు సిమెంటు పలకలు ఆత్తంగుడి అనే పల్లె పేరు మీదే అమ్ముడుపోతాయి. గట్టిపడ్డ కాంక్రీటు మీద లోహపు లవణాలు కలిసిన యాసిడ్ పోసి, అది సిమెంటులోని సున్నంతో కలిసి రంగు తేలేలా చేసే పద్ధతి కూడా ఉంది. నాన్నకి చెబితే ఆసక్తిగా విన్నాడు. “యాసిడ్డా? మరి పోసేవోడి చేతులో?” అన్నాడు. ఫోటోలు చూసినవాళ్ళెవరూ అడగని ప్రశ్న అది. ఇల్లు గీసినవాడి పేరు పుస్తకాల్లో ఉంది. గచ్చు మీద గొంతుక్కూర్చున్న వాడి పేరు అమెరికాలోనూ లేదు, పెదపాడులోనూ లేదు.

మా ఇంటి వెనక వసారా డబ్బు చాలక ఉత్త కాంక్రీటుతో వదిలేశాం. 2023 సంక్రాంతి సెలవుల్లో నాన్నని అడిగాను. “నాన్నా, ఆ వసారా ఎర్రగచ్చు చేద్దాం. నాకు నేర్పు.” ఆయన మోకాళ్ళు పట్టేశాయి, కూర్చోలేడు. కుర్చీ వేసుకుని చెప్పాడు, నేను చేశాను. పాత కాంక్రీటు నున్నగా ఉంటే కొత్తది పట్టదని సుత్తీ ఉలీతో గాట్లు కొట్టించాడు. రోజంతా తడిపించాడు. సిమెంటు పాలు పోయించాడు. మా ఆయన ఇసుక జల్లించాడు. బొటనవేలితో నొక్కి, “ఇప్పుడా నాన్నా?” అని నాలుగుసార్లు అడిగాను. మూడుసార్లు “ఆగు” అన్నాడు. నాలుగోసారి ఆయనే వంగి నొక్కి చూసి, “ఆఁ, కానియ్” అన్నాడు. చేతికి తొడుగులు వేసుకోమని పట్టుబట్టింది కూడా ఆయనే. రెండు గంటలకే నా నడుం పడిపోయింది. వెనక్కి జరుగుతూ, జరుగుతూ, గుమ్మం దాటి బయటపడ్డాను. ఇరవై ఏళ్ళు మా నాన్న బయటపడినట్టే.

పది రోజులు అమ్మ నీళ్ళు పెట్టింది. తర్వాత నూనె. ఒక మూల మెరుపు రాలేదు. నాన్న చూసి, “అక్కడ ఆలస్యం చేశావే. గడియ దాటిపోయింది” అన్నాడు. బాగుందని మాత్రం అనలేదు. కానీ చెప్పులు విడిచి, గడప దగ్గర ఆగకుండా తిన్నగా నడిచి వచ్చి, కర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకుని ఎలాగో మధ్యలో కూర్చున్నాడు. “అన్నం ఇక్కడ పెట్టండి” అన్నాడు. తాను పుట్టి బుద్ధెరిగాక ఎర్రగచ్చు మీద కూర్చుని అన్నం తినడం అదే మొదలని అమ్మ చెప్పింది. వడ్డిస్తూ నేను లెక్క వేశాను. ఆయనకి అప్పుడు 62 ఏళ్ళు.

ఆ గచ్చుతో కులం పోలేదు. స్టాఫ్ రూములో నా గ్లాసు ఇప్పటికీ కొంచెం దూరంగానే ఉంటుంది. ఒక వసారా ఎర్రబడితే లోకం మారుతుందని నేను చెప్పడం లేదు. నేను చెప్పేది వేరు. మన వాళ్ళ చేతుల్లో ఉన్నది చాకిరీ అని వాళ్ళన్నారు. చదువుకున్నాక మనమూ అదే అనుకున్నాం. అందులో కొలతలున్నాయి, నీళ్ళ గుణం, మట్టి గుణం తెలిసిన తెలివి ఉంది. దానికి సర్టిఫికెట్ లేదు గనక చదువు కాదన్నారు. సర్టిఫికెట్ వచ్చిన నేను మరీ గట్టిగా అన్నాను. ఉద్యమాల్లో ఉన్నవాళ్ళు, చదువుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ముందు ఇంట్లో అడగండి. ఏ పని చేశారు, ఎలా చేశారు, ఎవరి ఇంట్లో చేశారు, గడప దాటనిచ్చారా? అడిగి రాసి పెట్టండి. మా నాన్నకి అక్షరాలు రావు. నాకు వచ్చి కూడా ఇన్నాళ్ళు రాయలేదు.

ప్రతి జూన్‌లోనూ మా బడిలో అడ్మిషన్లు నేనే రాస్తాను. ‘తండ్రి వృత్తి’ గడి ఇప్పటికీ ఉంది. పేట నుంచి వచ్చిన పిల్లల్ని, “మీ నాన్న ఏం చేస్తారు?” అంటే చటుక్కున, “కూలండి” అంటారు. “కూలి అంటే ఏం పని?” అని మళ్ళీ అడుగుతాను. కొంచెం ఆలోచించి చెబుతారు. టైల్స్ వేస్తాడండి. వలలు అల్లుతాడండి. చెరువు గట్లు వేస్తాడండి. అమ్మ గురించి కూడా అడుగుతాను. గడి చిన్నది. అక్షరాలు ఇరుకుగా వస్తాయి. అయినా పట్టించి రాస్తాను.